పచ్చ చూరుగుడ్డ

ఆ ఎడారి పార్కులో గేలెన్ ఇంటిపేరు ఎవరికీ తెలియదు. అందరికీ అతను గుడ్డల గేలెన్. ఉత్తరాది మంచుకి జడిసి, చలికాలం మొదలయ్యేసరికి ఇంటిబండ్లు వేసుకుని అరిజోనా దిగివచ్చే ముసలివాళ్లు బండి నిలబెట్టి, నీళ్ల గొట్టం తగిలించుకుని, కాఫీ పెట్టుకున్నాక చేసే మొదటి పని గేలెన్‌కి కబురు పంపడం. బండి ఆగాక మీట నొక్కితే గోడలోంచి సొరుగులా బయటికి జరిగి వచ్చే గదులుంటాయి కదా, ఆ సొరుగు గదుల నెత్తిన చూరుగుడ్డలు బిగించడం అతని పని. గది బయటికి వస్తుంటే గుడ్డ చుట్ట విప్పుకుంటూ దానితోపాటు రావాలి. గది లోపలికి పోతుంటే తనంతట తనే చుట్టుకోవాలి. వానా, దుమ్మూ, పిట్టల రెట్టా గది కప్పు మీద పడకుండా కాపాడేది ఆ గుడ్డే. గుడ్డే కదా అని తీసిపారేసేవాళ్లంటే గేలెన్‌కి ఒళ్లు మంట.

"కొలత ఎక్కడ పట్టావు?" అని అడిగేవాడు, ఇంటి దగ్గరే గుడ్డ కొనుక్కుని వచ్చిన పెద్దమనిషిని.

"గది గోడ నుంచి గోడకి."

"గది అంచు పట్టీలుంటాయి, అవి కొలవలేదూ?"

"వాటితో పనేముంది?"

"పనేమీ లేదు. నీ గుడ్డ గది కంటే పొట్టి. వాన వస్తే రెండు పక్కలా నీళ్లు సరిగ్గా నీ మంచం మీదకే దిగుతాయి. స్నానాల గదిదాకా నడిచే శ్రమ తప్పుతుంది."

అలా మొహం మీదే అనేసేవాడు. అన్నాక మళ్లీ తనే వాళ్లకి సరైన గుడ్డ తెప్పించి బిగించి పెట్టేవాడు. నేత గుడ్డ కావాలా, ప్లాస్టిక్ లాంటి వినైల్ కావాలా అని అడిగితే మీరుండేది ఎక్కడ అని ఎదురు అడిగేవాడు. వినైల్‌లోంచి చుక్క నీరు దిగదు, కాని ఎడారి ఎండకి బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. నేత గుడ్డ వానకి కాస్త చెమ్మగిల్లుతుంది, కాని గాలాడి ఆరిపోతుంది. రంగు మాత్రం తెలుపే వేయించుకోమనేవాడు. ముదురు రంగు అడిగిన ఆడవాళ్లతో గంటసేపయినా వాదించి తెలుపుకే ఒప్పించేవాడు.

ఇంకో నియమం ఉండేది అతనికి. పాత గుడ్డ ఊడదీశాక కప్పు మీద అరచెయ్యి ఆనించి నొక్కి చూసేవాడు. చెయ్యి మెత్తగా దిగిందంటే నిచ్చెన దిగివచ్చేవాడు. "కుళ్లిన దాని మీద కొత్త గుడ్డ కప్పడం నా చేతకాదు. ముందు కప్పు బాగుచేయించుకోండి," అని సామాను సర్దుకునేవాడు. అలా ఒకసారి మిన్నెసోటా నుంచి వచ్చిన మొగుడూపెళ్లాల్ని తిప్పి పంపేశాడు. ఆవిడ అతని చెయ్యి ఆనిన చోటునే చూస్తూ నిలబడింది. ఆ చూపు గేలెన్‌ని చాలా రోజులు వదల్లేదు.

గేలెన్ పుట్టుకతో గుడ్డలవాడేమీ కాదు. నెబ్రాస్కాలో ధాన్యం గిడ్డంగిలో దుమ్ము మింగుతూ బతికినవాడు. భార్య వెర్నా ఊరి బడిలో పిల్లలకి వండిపెట్టేది. పని మానేశాక ఇల్లు అమ్మేసి ఈ బండి కొన్నారు, దేశమంతా చుట్టేద్దామని. చుట్టింది తక్కువే. మొదటి చలికాలం ఇక్కడ ఆగినప్పుడు పెద్ద గాలి లేచి సగం పార్కు గుడ్డల్ని చింపి పోగులు పెట్టింది. వెర్నా కుట్టింది, గేలెన్ బిగించాడు. అంతే, చక్రాలు అక్కడే నేలలో పాతుకుపోయాయి.

చూరుగుడ్డ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు ఒక నిచ్చెన మీద నిలబడి బండి గోడకున్న గాడిలోకి గుడ్డ అంచు దూరుస్తుంటే, ఇంకొకరు రెండో నిచ్చెన మీంచి లాగాలి. ఒకరు తొందరపడితే గుడ్డ మడత పడుతుంది, ఒకరు ఆలస్యం చేస్తే చిరుగుతుంది. ఆ రెండో నిచ్చెన ఎప్పుడూ వెర్నాదే. "వచ్చిందా?" అని అతను అరిచేవాడు. "వస్తోంది, నువ్వు తొందరపడకు," అని ఆవిడ బదులిచ్చేది. కుళాయిల దగ్గర నిలబడి ఆ రెండు గొంతులు వింటే చాలు, పని ఎంతవరకు వచ్చిందో పార్కువాళ్లకి తెలిసిపోయేది.

తర్వాత వెర్నాకి చేతులు వణికే జబ్బు వచ్చింది. మొదట గాడి దగ్గర వేళ్లు తడబడ్డాయి. పోను పోను కాళ్లకీ పాకింది. నిచ్చెన ఎక్కడం మానేసి కింద మడతకుర్చీ వేసుకుని కూర్చుంది. రెండో నిచ్చెన మీదకి పక్క బండి లోవెల్ వచ్చాడు. లోవెల్ మంచివాడు, నవ్వించేవాడు, పనికి మాత్రం మొద్దు. కుర్చీలోంచి వెర్నా అతన్ని చీల్చి చెండాడేది.

"లోవెల్, అది గుడ్డ అనుకున్నావా, ఆవు పగ్గమనుకున్నావా? అలా గుంజుతావేం?"

"నీ మొగుడు ఎలా పడుతున్నాడమ్మా ఇన్నేళ్లూ నీతో?"

"ఆయనకి చెవుడు. నీకు ఆ అదృష్టం లేదు, విని లాగు."

అలా నవ్వుకుంటూనే నడిచింది కొన్నాళ్లు. కాని వాళ్ల బండి లోపల అది నవ్వే విషయం కాదు. గది బయటికి జరిపి ఉంటే లోపల ఇల్లు, లోపలికి లాగితే సందు. వెర్నా వాకర్ పట్టుకుని మంచం నుంచి స్నానాల గదికి వెళ్లాలంటే ఆ గది బయటే ఉండి తీరాలి. ఒకసారి గాలివాన వస్తోందని గేలెన్ గది లోపలికి లాగాడు. వెర్నా మంచానికీ బల్లకీ మధ్య ఇరుక్కుపోయి, స్నానాల గదికి చేరలేక బట్టలు తడుపుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. గేలెన్ వానలోనే గదిని బయటికి జరిపేశాడు. మళ్లీ ఆ మీట ముట్టుకోలేదు.

గది లాగకపోతే గుడ్డ చుట్టుకోదు. గుడ్డ చుట్టుకోకపోతే దాని కింద ఏముందో కంటపడదు. ఎండాకాలపు వానలకి గుడ్డ మధ్యలో పొట్టలా జారి నీళ్లు నిలిచేవి. ఎవరి గుడ్డ మీదైనా అలా నీళ్లు నిలిస్తే గేలెన్ పరుగెత్తుకు వెళ్లి గదిని కాస్త లోపలికి లాగించి నీళ్లు దొర్లించేవాడు. తన గుడ్డకైతే చీపురుకర్రతో కింద నుంచి పొడిచి, వచ్చినంత నీరు దులిపి ఊరుకునేవాడు. ఎండకి పగిలిన చోట మిగిలిన ముక్కలు అతికించేవాడు. రేపు చూద్దాంలే అనుకునేవాడు. అందరి కప్పులకీ కాపలా కాసినవాడు తన కప్పు దగ్గర కళ్లు మూసుకున్నాడు, దానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు. బద్ధకం మాత్రం కాదు.

పార్కు చేతులు మారేదాకా అలాగే గడిచింది. కొత్తవాళ్లు డెనీస్ అనే అమ్మాయిని మేనేజరుగా పెట్టారు. పిల్ల మర్యాదస్తురాలే. బండి బండికీ స్వయంగా వెళ్లి చెప్పింది.

"పదేళ్లు దాటిన బండ్లన్నీ కదలగలవని చూపించాలి గేలెన్ గారూ. గదులన్నీ ఒకసారి లోపలికి పోయి మళ్లీ బయటికి రావాలి. గుడ్డలూ అవీ చిరుగులు లేకుండా ఉండాలి. కదలని బండికి వచ్చే ఏడు చోటు ఉండదు."

"నా బండి వయసు మీ పార్కు వయసు కంటే తక్కువే తల్లీ."

"నేను పెట్టిన రూలు కాదండీ. పైవాళ్లది."

ఆ పిల్ల పక్క బండికి వెళ్లింది. చోటు పోతే ఏమవుతుందో ఇద్దరూ విడమరిచి చెప్పుకోనక్కర్లేదు. అంత ముసలి బండిని ఏ పార్కూ గేటు దాటనివ్వదు. బండి పోతే వెర్నాని ఊళ్లోని సంరక్షణ గృహం చేర్చుకుంటుంది. గేలెన్‌ని చేర్చుకోదు. అది లేవలేనివాళ్లకి, గేలెన్ ఇంకా నిచ్చెనలెక్కుతున్నాడు. ఒళ్లు బాగుండడమే అతని నేరమైంది. ఇక అతను పడుకోవడానికి మిగిలేది బండిని లాగే ట్రక్కు ముందు సీటు. పెళ్లయిన నాటి నుంచి ఆసుపత్రి రోజులు తప్పితే ఇద్దరూ వేరు వేరు కప్పుల కింద పడుకున్నది లేదు.

"కొత్త గుడ్డ వేద్దాం," అన్నాడు గేలెన్. "కొత్త గుడ్డ ఉంటే బండికి కళ వస్తుంది. గది ఒక్కసారి లోపలికి, ఒక్కసారి బయటికి. అంతే కదా."

"అంతే," అంది వెర్నా.

నమూనా ముక్కల కట్ట తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. వణికే వేళ్లతో ఒక్కొక్కటే తిప్పింది. పచ్చ ముక్క దగ్గర ఆగింది.

"ఇది."

"తెలుపు వేద్దాం వెర్నా. ఈ ఎండకి పచ్చ నిలవదు, వెలిసిపోతుంది."

"నేను వెలిసిపోలేదా? నన్ను మార్చావా?"

"నిన్ను మార్చుకోవడానికి కొలత దొరకలేదు."

"ఏడిశావ్. జూన్ నెలలో మన ఊరి మొక్కజొన్న చేను ఇదే రంగు. ఒక్కసారైనా నాకు నచ్చింది వెయ్యి. ఎంతమంది ఆడవాళ్ల నోళ్లు మూయించావో లెక్కలేదు."

"రెండేళ్లు కూడా ఉండదు."

"రెండేళ్లు చాలులే," అంది వెర్నా. గేలెన్ ఆ మాట విననట్టే కొలతల టేపు వెతుక్కున్నాడు.

గుడ్డ వచ్చిన రోజు గాలి లేదు. బిగించడానికి అలాంటి రోజే కావాలి. లోవెల్ తన నిచ్చెన తెచ్చాడు. వెర్నా టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుంది, ఒళ్లో రొట్టె, పక్కన కాఫీ. గేలెన్ ముందు పాత గుడ్డ చుట్టుకునే రోలర్‌కి చీల తగిలించాడు. లోపల చుట్టుకుని ఉన్న స్ప్రింగ్ ఆ చీల లేకుండా వదిలితే వేళ్లు విరిచేస్తుంది. తర్వాత మరలు విప్పి పాత గుడ్డని ఊడదీసి కిందకి జారవిడిచాడు. అప్పుడు, అలవాటు కొద్దీ, కప్పు మీద అరచెయ్యి ఆనించి నొక్కాడు.

చెయ్యి దిగింది. కాఫీలో ముంచిన రొట్టెలోకి దిగినట్టు మణికట్టుదాకా దిగిపోయింది. చెమ్మ కంపు గుప్పుమంది. చెయ్యి బయటికి తీసి చూసుకుంటే వేళ్లకి నల్లటి పొట్టు అంటుకుని ఉంది. మూల దగ్గర నొక్కాడు, అక్కడా అంతే. కప్పు పోయిందంటే కుళ్లు గోడలోకి దిగి ఉంటుంది, గోడలోంచి నేల చెక్కలోకి. ఎన్ని బండ్లకి చెప్పి ఉంటాడు ఈ లెక్క. మిన్నెసోటా ఆవిడ చూపు గుర్తొచ్చింది, ఇప్పుడు అదే చూపు తన కళ్లలో ఉంటుందని తెలిసి తల తిప్పుకున్నాడు.

రెండో నిచ్చెన మీంచి లోవెల్ అంతా చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"గేలెన్, నువ్వేగా ఎప్పుడూ అనేది..."

"ఆ మాట నీ నోట్లోనే ఉంచుకో."

కింద నుంచి వెర్నా అడిగింది. "ఎలా ఉంది?"

గేలెన్ చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "బాగుంది. కాస్త దుమ్ము పట్టింది, అంతే."

ఆ కంత మీద చెక్క పలకముక్క పెట్టి జిగురు పట్టీ అంటించాడు. తన నియమాన్ని తనే కాలరాసి, కుళ్లిన దాని మీద కొత్త గుడ్డ కప్పాడు. గాడికి సబ్బునీళ్లు పట్టించి అంచు దూర్చడం మొదలుపెట్టాడు. "వచ్చిందా?" అంటే లోవెల్ పలకలేదు. వెర్నాయే కుర్చీలోంచి పలికింది. "వస్తోంది, నువ్వు తొందరపడకు." పని పూర్తయ్యేసరికి గుడ్డ ఎంత చక్కగా కుదిరిందంటే, ఒక్క ముడత లేదు. పక్క బండ్లవాళ్లు వచ్చి నిలబడి చూశారు. అతని చేత్తో బిగించినవాటిలో అంత నిండుగా కుదిరింది ఇంకొకటి లేదని లోవెల్ ఇప్పటికీ అంటాడు.

ఎవరి గుడ్డ బిగించినా గదిని లోపలికీ బయటికీ ఆడించి చూస్తేగాని గేలెన్ అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. ఆ రోజు ఆడించలేదు. పనిముట్లు సర్దేసి, "ఆకలేస్తోంది," అన్నాడు.

డెనీస్ ఒక ఉదయం పూట వచ్చింది. వెర్నాని బయట కుర్చీలో కూర్చోబెట్టారు. లోవెల్ పక్కన నిలబడ్డాడు. డెనీస్ గుడ్డ వంక తలెత్తి చూసి, "ఎంత బాగుందో! ఈ రంగు మన పార్కులో ఎవరికీ లేదు," అంది. మనసులోంచే అంది పాపం.

"నేనే ఎంచాను," అంది వెర్నా.

గేలెన్ లోపలికి వెళ్లి మంచం పక్కకి జరిపాడు, బల్ల మడిచాడు. మీట మీద వేలు పెట్టాడు. దేవుణ్ణి పెద్దగా తలుచుకునే మనిషి కాదు, ఆ క్షణం తలుచుకున్నాడు. ఒక్కసారి లోపలికి, ఒక్కసారి బయటికి. నొక్కాడు. మోటారు మూలిగింది. గది కదిలింది.

"వచ్చిందా?" అని అరిచాడు తలుపులోంచి.

"వస్తోంది," అంది వెర్నా. "వస్తోంది గేలెన్. నువ్వు తొందరపడకు."

సగం దాకా వచ్చింది. గుడ్డ తనంతట తనే మెత్తగా చుట్టుకుంటోంది. అప్పుడు అడుగున ఎక్కడో చెక్క విరిగింది. గది ఒక మూలకి ఒరిగి, బండి గోడని ఒరుసుకుంటూ ఆగిపోయింది. గేలెన్ మళ్లీ నొక్కాడు. మోటారు అరిచిందేగాని గది కదల్లేదు. బయటికి నొక్కాడు. అటూ పోలేదు. ఇక నొక్కలేదు.

గేలెన్ బయటికి వచ్చాడు. విరిగిన మూలలోంచి నల్లటి తడి పొట్టు కంకరరాళ్ల మీద రాలుతోంది. దాని పైన సగం చుట్టుకున్న పచ్చ గుడ్డ బిగువుగా, నిటారుగా, ఎండలో మెరుస్తూ ఉంది.

"సారీ గేలెన్ గారూ," అంది డెనీస్. ఆ పిల్ల కళ్లు తడిశాయి. "నేను చూడలేదని ఎలా చెప్పను?"

"చెప్పొద్దు తల్లీ. చూశావుగా."

మధ్యాహ్నం వెర్నాని లోవెల్, గేలెన్ ఇద్దరూ కలిసి ఎత్తి లోపలికి చేర్చారు. సగం ఇల్లే మిగిలింది. వాకర్ మంచం పక్కన పట్టక గుమ్మంలోనే ఉండిపోయింది. లోవెల్ వెళ్లాక గేలెన్ మంచం అంచున కూర్చుని తల పట్టుకున్నాడు.

"నీకు అబద్ధం చెప్పాను. గుడ్డ తీసిన రోజే చెయ్యి దిగింది. రెండేళ్ల కిందట ఒక్కసారి గది లాగి చూసి ఉంటే పట్టుకునేవాణ్ణి. అప్పుడు చెయ్యెడు చోటే కుళ్లి ఉండేది. నాకు తెలిసిన పని ఇదొక్కటే, దీన్నే చెడగొట్టుకున్నాను."

వెర్నా అతని చెయ్యి అందుకోవాలని చూసింది. వేళ్లు అటూ ఇటూ పోయి చివరికి పట్టుకున్నాయి.

"కిటికీ కింద తివాచీ ముక్క ఎందుకు వేయించాను నీతో?"

"కాళ్లకి చల్లగా ఉందన్నావు."

"వాకర్ కాలు దిగబడుతోంది అక్కడ. కిందటి చలికాలం నుంచీ. చెప్పానంటే గది లోపలికి లాగి పని మొదలుపెడతావు. నేను మళ్లీ ఆ సందులో ఇరుక్కుంటాను. అందుకని చెప్పలేదు."

గేలెన్ తలెత్తి చూశాడు. ఆవిడ కోసం అతను మీట ముట్టుకోలేదు, ఆ వెడల్పు పోతుందని ఆవిడ నోరు విప్పలేదు. ఇద్దరూ కలిసి ఒకే ఇంటిని అపురూపంగా చూసుకుంటూ కుళ్లబెట్టారు. అరవాలనిపించింది అతనికి, ఎవరి మీద అరవాలో తెలియలేదు.

"ఇద్దరం తోడుదొంగలమే," అన్నాడు చివరికి.

"గుడ్డ మాత్రం భలే కుదిరిందయ్యా," అంది వెర్నా.

ఏప్రిల్ వచ్చేసరికి పార్కు ఖాళీ అవుతూ వచ్చింది. బండిని విప్పి తీసుకుపోవడానికి తుక్కువాళ్లు ఒప్పుకున్నారు. వాళ్లు రాకముందే గేలెన్ నిచ్చెన వేసి పచ్చ గుడ్డని మరలు విప్పి దించాడు.

"నీ గదీ నా గదీ ఒకే కొలత లోవెల్. నీ గుడ్డ అంచుల దగ్గర పోగులు లేచిపోయింది. దారిలో చిరుగుతుంది."

"నాకొద్దు గేలెన్. నేనెలా వేసుకోను?"

"తుక్కులో పడేయమంటావా?"

లోవెల్ కప్పు మీద అరచెయ్యి ఆనించి నొక్కాడు గేలెన్. గట్టిగా ఉంది. ఇంకోసారి నొక్కాడు. అప్పుడు మొదలుపెట్టారు. కుర్చీలోంచి వెర్నా లోవెల్‌ని తిట్టింది, లోవెల్ బదులు తిట్టాడు, కాని ఎవరి గొంతులోనూ పస లేదు. "వచ్చిందా?" అని గేలెన్ అడిగితే ఇద్దరూ ఒకేసారి పలికారు. గదిని లోపలికీ బయటికీ ఆడించి చూశారు. గుడ్డని చేత్తో పట్టి లాగినా సడలలేదు.

మర్నాడు ఉదయం లోవెల్ గది లోపలికి లాక్కున్నాడు. పచ్చ గుడ్డ చుట్టుకుపోయి సన్నటి గీతగా మిగిలింది. లోవెల్ ఇద్దర్నీ కావలించుకుని, ఏదో పరాచికం మొదలుపెట్టి మధ్యలో ఆపేసి బండెక్కాడు. బండి గేటు దాటి హైవే ఎక్కి ఉత్తరానికి తిరిగే వరకు ఇద్దరూ చూశారు.

"గాలికి ఎగరదుగా?" అని అడిగింది వెర్నా.

"ఎగరదు. నేనే బిగించాను."

కొంచెం పొద్దెక్కాక సంరక్షణ గృహం వ్యాను కంకర మీద చప్పుడు చేసుకుంటూ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, కుర్చీలో కూర్చున్న ఆవిణ్ణి, ఆవిడ సంచి పట్టుకుని నిలబడ్డ గేలెన్‌ని మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరూ వస్తున్నారా?"

గేలెన్ సంచిని వ్యాను మెట్టు మీద పెట్టాడు.

"లేదు బాబూ, ఒక్కదాన్నే," అంది వెర్నా. "ఆయన ఒళ్లు బాగానే ఉంది."